సింగయ్య వలకు ఇద్దరు పెద్దలు

బాపట్లకు దగ్గర్లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పాలెంలో సింగయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పెద్దవాళ్లు వలపెద్ద అంటారు. కుర్రాళ్లు మామా అంటారు. భార్య వెంకటసుబ్బులు మాత్రం ఆ పూట ఆవిడకున్న కోపాన్ని బట్టి ఏదో ఒకటి అంటుంది. అరవై రెండేళ్ల మనిషి. పొట్టిగా, చింతమొద్దులా గట్టిగా ఉంటాడు. ఎంత పొద్దున్నే చూసినా మొహంలో నవ్వు ఉంటుంది. టిఫిన్ దగ్గర మాత్రం రాజీ పడడు. వల లాగడం అయ్యాక నాలుగు వేడి పునుగులు కడుపులో పడకపోతే, ఆ రోజంతా సముద్రాన్ని తిడుతూనే ఉంటాడు.

వలపెద్ద పని చూసేవాళ్లకు తేలిగ్గానే కనిపిస్తుంది. పొద్దున్నే పడవ లోపలికి వెళ్లి పెద్ద వలను అర్ధచంద్రాకారంలో పరిచి వస్తుంది. ఆ వల రెండు కొసలకూ కట్టిన మోకులు ఒడ్డుకు చేరతాయి. ఉత్తరం మోకు దగ్గర పదిహేనుమంది, దక్షిణం మోకు దగ్గర పదిహేనుమంది నిలబడి లాగుతారు. రెండు జట్లకూ మధ్యన సింగయ్య ఎర్ర తుండుగుడ్డ పట్టుకుని నిలబడతాడు. గుడ్డ పైకి లేస్తే లాగాలి, కిందికి దిగితే ఆపాలి. రెండు వైపులా ఒకే తీరున వస్తేనే వల నోరు సరిగ్గా ఉంటుంది. ఒక పక్క తొందరపడితే నోరు వంకరపోతుంది, చేపలు తమ దారిన తాము పోతాయి. అందుకని వలపెద్ద ఒకచోట నిలబడడు. ఇసకలో ఆ చివరికీ ఈ చివరికీ పరిగెడుతూనే ఉంటాడు. ఇరవై ఆరేళ్ల పాటు అలా పరిగెత్తాక సింగయ్య మోకాళ్లు మొరాయించాయి.

బాపట్లలో డాక్టరు ఎక్స్‌రే తీయించి, “ఇసకలో పరుగులు చాలించండి” అన్నాడు.

“నడవచ్చా అండీ?”

“నడవండి. ఎవరి మీదా అరవకుండా నడవండి.”

బయటికొచ్చాక సింగయ్య ఆ రెండో మాటే తలుచుకుని నవ్వుకున్నాడు.

ఆ సంగతి తెలిసిన రోజు సాయంత్రమే పాలెం పెద్దలు కూర్చున్నారు. కొత్త వలపెద్ద కావాలి. అందరి కళ్లూ ఇద్దరి మీదే పడ్డాయి. ఒకడు బాలకృష్ణ. పాతికేళ్లవాడు. గొంతు విప్పితే సముద్రం హోరు కూడా వెనక్కి తగ్గుతుంది. వాడు నడుస్తుంటే వెనకాల పదిమంది వాళ్లంతట వాళ్లే నడుస్తారు. రెండోవాడు సాత్విక్. తెనాలిలో ఐ.టి.ఐ. చదివి, అక్కడ రెండేళ్లు పనిచేసి, గది గోడల మధ్య ఊపిరాడక తిరిగొచ్చినవాడు. మాట తక్కువ. కానీ నీటి రంగు చూసి, గాలి పోకడ చూసి, ఎక్కడ వల వేయాలో చెప్తే పదిసార్లలో ఏడుసార్లు నిజమయ్యేది.

పెద్దల్లో అందరికన్నా వయసైన పోలయ్య తాత తీర్పు చెప్పాడు. “ఎప్పుడూ చేసేదే చేద్దాం. రోజు మార్చి రోజు, చెరో పదిరోజులు వల నడపనియ్యండి. ఎవరి రోజుల్లో ఎక్కువ గంపలు నిండితే వాడే వలపెద్ద. సింగయ్య అట్టాగే గెలిచాడు గదా!”

సింగయ్య తలూపాడు. పందెమంటే అతనికీ సరదాయే.

అతను గెలిచిన పందెం కథ పాలెంలో అందరికీ తెలుసు. అప్పుడు పోటీకి నిలబడ్డ రెండోవాడు యలమంద. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే పడవలో పని నేర్చుకున్నారు, పెళ్లిళ్లు కూడా నెల తేడాతో చేసుకున్నారు. యలమందకు నీళ్లు తెలుసు, సింగయ్యకు మనుషులు తెలుసు అని అప్పట్లో అనుకునేవారు. మూడు గంపల తేడాతో సింగయ్య గెలిచాడు. యలమంద పోట్లాడలేదు, ఒక్క మాట అనలేదు. ఏడాది తిరక్కుండా రేపల్లెలో అత్తవారింటికి వెళ్లిపోయి అక్కడే వలలు, మోకులు అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా రాకపోకలు లేవు. ఇదంతా అందరికీ తెలిసిన కథ. తెలియని ముక్క ఒకటి ఉంది. అది సింగయ్య ఎవరికీ చెప్పలేదు.

కొత్త పందెం మొదలైన మూడు రోజులకే పాలెం రెండుగా చీలింది. ఉత్తరం మోకు వాళ్లు బాలకృష్ణ మనుషులయ్యారు, దక్షిణం మోకు వాళ్లు సాత్విక్ మనుషులయ్యారు. బాలకృష్ణ తన వాళ్లకు బిర్యానీ తినిపించాడు. సాత్విక్ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, తన రోజుల్లో పడ్డ చేపల ఫొటోలు అందులో వేయసాగాడు. అది చూసి బాలకృష్ణ కూడా గంపెడంత చేపను భుజాన వేసుకుని ఫొటో దిగాడు. ఆడవాళ్లు మాత్రం ఆ చేప కేసి అనుమానంగా చూశారు.

ఆటలా ఉన్నంతసేపు బాగానే ఉంది. కానీ బాలకృష్ణ వంతు రోజున దక్షిణం మోకు నీరసంగా కదిలేది. సాత్విక్ వంతు వచ్చినప్పుడు ఉత్తరం వాళ్లలో ఇద్దరికి కడుపునొప్పి, ఒకడికి చుట్టాలు. మామూలు రోజుల్లో పడే చేపల్లో సగం కూడా పడటం లేదు. సింగయ్య ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ, “కుర్రతనం, సర్దుకుంటార్లే” అనుకున్నాడు.

పదకొండో రోజు బాలకృష్ణ వంతు. ఆ పొద్దున సముద్రపు పిట్టలు గుంపుగా నీటి మీద దిగుతూ లేస్తున్నాయి. కానాగంత చేపల గుంపు ఒకటి ఒడ్డుకు అంత దగ్గరగా వచ్చి నెలయింది. పడవ వెళ్లి వల చుట్టేసి వచ్చింది. ఒడ్డున ఆడవాళ్లు ఖాళీ గంపలతో బారులు తీరారు. తెనాలి మార్కెట్టుకు వెళ్లాల్సిన వ్యాను కూడా రోడ్డు మీద ఆగి ఉంది.

బాలకృష్ణ గుడ్డ ఎత్తాడు. ఉత్తరం వాళ్లు, తమ నాయకుడి రోజు కదా అని, ఒళ్లు మరిచి లాగారు. అది చూసి దక్షిణం వాళ్లకు రోషం వచ్చింది. మేమేమన్నా తక్కువ తిన్నామా అని వాళ్లూ అందుకున్నారు. ఎవరి మోకు ముందొస్తుందా అన్నదే అందరి పట్టుదల. బాలకృష్ణ ఆపమని గుడ్డ దించితే చూసినవాడు లేడు. ఇంతలో లోపల నీటి వాటం దక్షిణానికి తిరిగింది. వల ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. ఒడ్డుకు చేరేసరికి వల చివర ఉండే సంచిలో పిడికెడు నెత్తళ్లు, రెండు పీతలు, ఎవరిదో పాత చెప్పు ఉన్నాయి.

వెంకటసుబ్బులు తన ఖాళీ గంపను బోర్లించి దాని మీద కూర్చుంది.

“మీలో ఎవరు గెలిచారో నాకు తెలీదు గానీ నాయనా, చేపలు మాత్రం గెలిచాయి!”

ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. మగవాళ్లు కాళ్ల కింది ఇసక చూసుకున్నారు.

అందరూ వెళ్లాక సింగయ్య సాత్విక్‌ని దగ్గరికి పిలిచాడు. “నీరు తిరగబోతోందని నీకు తెలీదా?”

“తెలుసు మామా.”

“ఎప్పుడు తెలిసింది?”

“వల వేయకముందే తెలిసింది.”

“మరి చెప్పలేదేంట్రా?”

సాత్విక్ ఆశ్చర్యంగా చూశాడు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నిజంగానే అర్థం కాలేదు వాడికి. “నా వంతు కాదు గదా మామా. చెప్తే వాడి గంపలే గదా నిండేది.”

సింగయ్య కుర్చీ ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు. ఆ రోజు పునుగులు కూడా తినలేదు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని, భార్యతో అన్నాడు. “సుబ్బులూ, యలమందతో పందెం జరిగినప్పుడు వాడి ఆఖరి రోజుకు ముందు సాయంత్రం వల మడత పెట్టింది నేనే. సంచి అడుగున జానెడు చిరుగు నా చేతికి తగిలింది. చెప్పలేదు. మర్నాడు వాడి చేపలు ఆ చిరుగులోంచే పోయాయి.”

వెంకటసుబ్బులు చారు పోస్తూ, “నాకు తెలుసు” అంది.

“నీకెట్టా తెలుసు?”

“నువ్వు గెలిచిన రోజు నీ మొహంలో నవ్వు లేదు. ఆ వారంలోనే సంచికి కొత్త అతుకు కనపడింది. రెండూ కలుపుకోలేనా?”

“మరి ఇన్నేళ్లూ అడగలేదే?”

“నాకు చెప్తే ఏం లాభం? చెప్పాల్సినోడు రేపల్లెలో ఉన్నాడు. ముందు అన్నం తిను.”

మర్నాడు సింగయ్య రేపల్లె బస్సెక్కాడు. వెంకటసుబ్బులు ఇచ్చిన ఎండు నెత్తళ్ల పొట్లం ఒళ్లో పెట్టుకున్నాడు. బస్సు చెరుకుపల్లి దాటేదాకా, రోడ్డుకు రెండు పక్కలా పచ్చటి వరి మళ్లు చూస్తూ, చెప్పాల్సిన మాటలు పైకే అనుకుంటూ కూర్చున్నాడు. పక్క సీట్లో ముసలమ్మ కాసేపు విని, “ఏంటి బాబూ, కోర్టు పనా?” అని అడిగింది.

“అంతకంటే పెద్ద పనమ్మా” అన్నాడు సింగయ్య.

యలమంద కొట్టు వెతుక్కోవాల్సిన పని పడలేదు. మార్కెట్టు దారిలో వలల కుప్పల మధ్య పొడుగాటి మనిషి కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, చిరిగిన వలను బాగుచేస్తూ కూర్చున్నాడు. తలెత్తి చూశాడు. లేవలేదు.

“మోకాళ్లు పోయాయంటగా?”

“నీకెవరు చెప్పారు?”

“సుబ్బులమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. మనిషి వస్తున్నాడు, తరిమెయ్యబాక అని.”

బస్సులో పేర్చుకున్న మాటలన్నీ సింగయ్యకు ఆ క్షణానే ఎగిరిపోయాయి. నిలబడే చిరుగు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. యలమంద వింటూనే ఇంకో నాలుగు ముళ్లు వేశాడు. తర్వాత సూది పక్కన పెట్టాడు.

“నీ ఐదో రోజు గుర్తుందా? వల కొట్టుకుపోయి రాళ్లకు పట్టుకుంది.”

“ఎందుకు గుర్తుండదు? ఒక్క చేప రాలేదు.”

“నీరు ఉరవడిగా తిరుగుతుందని నాకు ముందే తెలుసు. నీ వెనకాలే నిలబడి ఉన్నాను. నోరు మూసుకున్నాను.” యలమంద కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. “ఆ చిరుగు నేను ఆ రోజే చూశా. ముందురోజు వల మడిచింది నువ్వే గదా. ఇన్నేళ్లూ నువ్వు మోసం చేశావని తిట్టుకుంటూ కూర్చుంటే, నేను చేసింది గుర్తు రాకుండా పోయేది. నువ్వొచ్చి ఒప్పుకుంటే ఇప్పుడు నేనూ ఒప్పుకోవాల్సొచ్చింది. వెధవా, ఫోన్లో చెప్పకూడదూ? కూర్చో!”

సింగయ్య మోకుల చుట్ట మీద కూలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలెట్టారు. నైలాన్ దారం కోసం వచ్చిన మనిషి ఒకడు వీళ్ల నవ్వు తగ్గేదాకా నిలబడి, చివరికి తనే దారం తీసుకుని, “డబ్బులు ఇక్కడ పెడుతున్నానండి” అని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పుడు సింగయ్య బాలకృష్ణ గురించీ సాత్విక్ గురించీ చెప్పాడు. యలమంద శ్రద్ధగా విని అన్నాడు. “మనిద్దరిలో ఎవడు మెరుగో తేల్చారు గానీ, మనిద్దరం కలిస్తే ఏమయ్యేదో ఎవరూ చూళ్లేదు. నేనెళ్లిపోయాక నీళ్ల సంగతి నువ్వెట్టా నేర్చుకున్నావు?”

“దెబ్బలు తిని నేర్చుకున్నా. ఆరేళ్లు పట్టింది.”

“నేను చెప్తే ఆరు నెలలు పట్టేది” అన్నాడు యలమంద. ఆ మాటలో గర్వం కంటే బాధే ఎక్కువ ఉంది. మర్నాడు కొట్టుకు తాళం వేసి పాలెం వచ్చాడు.

పాలెం పెద్దలు మళ్లీ కూర్చున్నారు. ఈసారి ముప్ఫైమంది లాగేవాళ్లూ, గంపల ఆడవాళ్లూ కూడా వచ్చారు. సింగయ్య అందరి ముందూ చిరుగు కథ చెప్పాడు. యలమంద తన ఐదో రోజు కథ చెప్పాడు. ఉన్నట్టుండి బాలకృష్ణ లేచాడు.

“నేనూ ఒకటి చెప్పాలి. ఆ ఫొటోలో పెద్ద చేప మనది కాదు. పక్క పాలెం వాళ్ల దగ్గర పది నిమిషాలకు అడిగి తెచ్చా.”

ఆ నవ్వులకు ఒడ్డున కుక్కలు మొరిగాయి. సాత్విక్ కూడా నవ్వాడు. నవ్వు ఆగాక, నీటి వాటం తెలిసీ తను చెప్పలేదని తలొంచుకుని ఒప్పుకున్నాడు. దక్షిణం మోకు వాళ్లలో ఇద్దరు తామూ కావాలనే నీరసంగా లాగామన్నారు.

సింగయ్య అడిగాడు. “పందెం ఇక్కడితో ఆపేద్దాం. మేమిద్దరం వీళ్లిద్దరికీ కలిపి నేర్పుతాం. ఈ సీజను అయ్యేదాకా టైమివ్వండి.”

పోలయ్య తాత ఒప్పుకోలేదు. “మంచి మాటే సింగయ్యా. కానీ వల లాగేటప్పుడు రెండు నోళ్లు పనికిరావు. ఒకడు ఆపమని, ఒకడు లాగమని అంటే ముప్ఫైమంది ఏం చేస్తారు?”

ఆ మాటలో న్యాయం ఉందని సింగయ్యకూ తెలుసు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. “నిజమే తాతా. లాగేటప్పుడు ఒక్కడి చేతిలోనే గుడ్డ ఉండాలి. వారం ఒకడు, వారం ఇంకొకడు పట్టుకుంటారు. కానీ వల నీళ్లలోకి వెళ్లేముందు, ఎవరికి ఏం తెలిసినా చెప్పి తీరాలి. గుడ్డ లేనివాడు గుడ్డ ఉన్నవాడి పక్కనే నిలబడాలి. గంపలు మాత్రం ఎవడి పేరా లెక్కెయ్యం.”

“ఇదంతా తేలాక ఎవడు పెద్ద?”

“వాళ్లనే అడుగుదాం, అప్పుడు.”

తాత గొణుక్కున్నాడు గానీ కాదనలేదు.

నేర్పడం అనుకున్నంత సాఫీగా సాగలేదు. యలమంద ఇద్దరినీ నడుంలోతు నీళ్లలో నిలబెట్టి, కళ్లు మూసుకుని నీరు ఎటు తోస్తోందో చెప్పమనేవాడు. సాత్విక్ ఇట్టే చెప్పేవాడు. బాలకృష్ణ ప్రతిసారీ తప్పే చెప్పి, అల మీద కోపగించుకునేవాడు. సింగయ్య మాత్రం మనుషుల సంగతి చెప్పేవాడు. మోకు ముందు ఎవరిని పెట్టాలి, జ్వరం తగిలి లేచినవాణ్ని ఎక్కడ నిలబెట్టాలి, ఇంట్లో పోట్లాడి వచ్చినవాడితో పొద్దున్నే ఏం మాట్లాడకూడదు వంటివన్నీ. అక్కడ బాలకృష్ణ చురుకు. సాత్విక్ ముప్ఫైమంది పేర్లూ తెలిసి కూడా ఎవరి మొహంలోకీ చూసి మాట్లాడలేకపోయేవాడు.

అన్నిటికంటే పెద్ద చిక్కు సాత్విక్ గొంతు. ఎంత అరిచినా పదడుగులు దాటేది కాదు. చివరికి బాలకృష్ణే ఆ పని నెత్తినేసుకున్నాడు. రోజూ పొద్దున్నే వాణ్ని ఒడ్డు చివరికి తీసుకెళ్లి, తను వంద అడుగుల అవతల నిలబడేవాడు.

“కడుపులోంచి అరవరా! బ్యాంకులో మేనేజరును పిలిచినట్టు పిలుస్తావేంటి?”

“రా... రా...”

“నీ పునుగులు ఎవడో ఎత్తుకుపోతున్నాడనుకో!”

ఆ మాటకు సాత్విక్ నిజంగానే అరిచాడు. పాలెంలో రెండిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. వెంకటసుబ్బులు బయటికొచ్చి, “ఏం కొంప మునిగింది?” అంది. బాలకృష్ణ వాణ్ని ఎత్తి గిరగిరా తిప్పాడు.

బదులుగా సాత్విక్ వాడికి సెల్‌ఫోన్లో గాలి వేగం, దిక్కు చూడటం నేర్పాడు. ఆ బాణం గుర్తులు మొదట్లో బాలకృష్ణకు తలకెక్కలేదు. నెల్లాళ్లకు వాడే పొద్దున్నే ఫోన్ చూసి, “ఇవ్వాళ గాలి తూర్పు నుంచిరోయ్” అని పాలెం అంతా చాటింపు వేయసాగాడు.

అలాగని ఇద్దరూ ఒక్కటైపోయారని కాదు. ఎక్కడ వల వేయాలన్న దాని మీద వారానికోసారైనా పోట్లాడుకునేవారు. ఒకసారి రెండు రోజులు మాటలు మానేసి, “గాలి మారిందని వాడికి చెప్పు మామా”, “నాకు తెలుసని వాడికి చెప్పు మామా” అని సింగయ్యను మధ్యన పెట్టుకున్నారు. కానీ కోపంలో ఉన్నా, తెలిసింది చెప్పకుండా మాత్రం ఉండలేదు. సింగయ్య అది గమనించి లోలోపల మురిసిపోయాడు. పోట్లాటకు మధ్యవర్తిత్వం చేయడం కూడా అతనికి కొత్త సరదా అయింది.

చలికాలం మధ్యలో ఒక పొద్దున మళ్లీ కానాగంతల గుంపు వచ్చింది. గుడ్డ బాలకృష్ణ చేతిలో ఉంది. వల సగం దాకా వచ్చాక, పక్కనున్న సాత్విక్ కళ్లు చిట్లించి, “దక్షిణం ఆపు. నీరు తిరుగుతోంది” అన్నాడు. బాలకృష్ణకు అలాంటిదేమీ కనిపించలేదు. రెప్పపాటు వాడి కేసి చూశాడు. తర్వాత దక్షిణం వైపు తిరిగి ఆగమని కేకేశాడు. అక్కడున్నవాళ్లు సాత్విక్ మనుషులు. అయినా ఒక్కడూ సాత్విక్ మొహం కేసి చూడలేదు. బాలకృష్ణ గొంతుకే ఆగారు. ఉత్తరం మోకు మెల్లగా అందుకుంది. వల నోరు నిలకడగా నిలిచింది. సంచి ఒడ్డుకు చేరేసరికి లోపల వెండి కుప్ప పోసినట్టు చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆడవాళ్ల గంపలు చాలక చీర కొంగులు పట్టారు. యలమంద తెల్ల పంచె తడుస్తుందన్న ధ్యాస కూడా లేకుండా నీళ్లలోకి దిగిపోయాడు.

సింగయ్య కుర్చీలోంచి లేచాడు. డాక్టరు మాట మరిచిపోయి నాలుగు అంగలు పరుగు తీశాడు కూడా. వెంకటసుబ్బులు చొక్కా పట్టుకుని ఆపింది.

సీజను చివరికొచ్చినా పోలయ్య తాత తన ప్రశ్న మరిచిపోలేదు. ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడిగాడు, ఎవరు వలపెద్దగా ఉండాలని. బాలకృష్ణ, “ఎక్కడ వల వేయాలో వాడు చెప్పాలి తాతా. లాగేటప్పుడు నేను చెప్తా” అన్నాడు. సాత్విక్ ఇంకొంచెం ఆలోచించి చెప్పాడు. “ఇప్పటికి అంతే తాతా. కానీ నా గొంతు ఇంకా పెరుగుతోంది. వచ్చే ఏడు మళ్లీ అడగండి.”

తాత విసుక్కున్నాడు. “రెండు తలల పాములా ఉంది యవ్వారం.” కానీ ఆ సీజనులో ఇంటింటా ఎండిన చేపల వాసన అతనికీ తెలుసు. ఏడాదికి సరేనన్నాడు. పక్క పాలెం వాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఒకరోజు వాళ్ల వలపెద్ద వచ్చి, ఊరికే చూసిపోదామని వచ్చానంటూ మూడు గంటలు కూర్చున్నాడు.

సింగయ్య ఇప్పుడు తీరిగ్గా ఉంటున్నాడు. వారంలో మూడు రోజులు ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అడిగితే చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు. గురువారం వచ్చిందంటే రేపల్లె బస్సెక్కుతాడు. సీజను అయ్యాక యలమంద మళ్లీ తెరిచిన కొట్టులో కూర్చుని కబుర్లు చెప్తూ, తనూ ఒక చిరిగిన వల ముందేసుకుని ముళ్లు వేస్తాడు. పాతికేళ్లకు పైగా వల నడిపినా, వల అల్లడం మాత్రం అతనికి ఒంటబట్టలేదు. సాయంత్రం బస్సుకు అతను వెళ్లిపోయాక, యలమంద ఆ ముళ్లన్నీ ఓపిగ్గా విప్పి మళ్లీ వేస్తాడు. ఈ మాట సింగయ్యకు చెప్పవద్దని వెంకటసుబ్బులుతో ఫోన్లో ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ ఆ రాత్రే మొగుడికి చెప్పేసింది.

“తెలుసులే” అన్నాడు సింగయ్య, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ. “అందుకే ఈ వారం ఇంకో పది ఎక్కువ వేసొచ్చా.”